ఎంసీబీ ఉంది కదా, ఇంక భయమేంటి? ఇంట్లో, ఆఫీసులో అగ్నిప్రమాదాలు ఎలా మొదలవుతాయి, ఎలా ఆపాలి

ఈ ఎపిసోడ్ టాపిక్ నేను ఎంచుకున్నది కాదు, మా ఇంట్లో గీజర్ ప్లగ్గు ఎంచుకుంది. అదేంటో ముందు చెప్తా.

పోయిన చలికాలం. పొద్దున ఆరింటికి అమ్మ నన్ను లేపి, "ఒరేయ్, బాత్రూమ్ దగ్గర చేపలు మాడినట్టు వాసన వస్తోంది, చూడరా" అంది. పక్కింట్లో ఏదో వండుతున్నారేమో అని మళ్ళీ పడుకున్నా. పొద్దున ఆరింటికి చేపలు వేయించేది ఎవరని కూడా ఆలోచించలేదు. మర్నాడు కూడా అదే మాట. "అమ్మా, ఎంసీబీ ఉంది కదా, ఏదన్నా తేడా వస్తే అదే పడిపోతుంది" అన్నా. మూడో రోజు అమ్మే స్విచ్ ఆపేసి, ఇది చూస్తేగానీ ఎవరికీ వేడినీళ్ళు లేవని చెప్పేసింది.

అప్పుడు వెళ్ళి చూశా. ప్లగ్గు లాగితే రాలేదు, సాకెట్‌కి అతుక్కుపోయింది. ఒక పిన్ను చుట్టూ ప్లాస్టిక్ గోధుమ రంగుకి తిరిగి కరిగిపోయింది. ఎలక్ట్రీషియన్ వచ్చి బోర్డు విప్పితే, వెనకాల వైరు తొడుగు వేలెడు పొడవున బొగ్గులా మాడిపోయి ఉంది. "ఇంకొన్ని రోజులు ఇలాగే వాడితే బోర్డే అంటుకునేది సార్" అన్నాడు.

నేను బీటెక్ చదివా. ఓం సూత్రం మీద పరీక్షలు రాసి పాసయ్యా. అయినా అమ్మ ముక్కుకి తెలిసింది నా బుర్రకి తెలియలేదు. ఆ ఎంసీబీ ఎందుకు పడలేదని వెతుక్కుంటూ పోతే ఈ ఎపిసోడ్ తయారైంది.

ఇందులో ముఖ్యంగా రెండు విషయాలు. ఒకటి, మంట రాబోయే ముందు కనిపించే గుర్తుల్ని అన్నిసార్లూ పరికరాలు పట్టుకోలేవు, ఇంట్లో మనుషులే పట్టుకోవాలి. రెండోది, మంట వచ్చాక మనకి మిగిలేది కొద్ది నిమిషాలే. ఆ నిమిషాల్లో మనల్ని కాపాడేది తెరుచుకునే తలుపు. మొదటి దానితో మొదలుపెడదాం.

ఎంసీబీ ఏం చూస్తుంది, ఏం చూడదు

కోడ్ రాసేవాళ్ళకి అర్థమయ్యేలా చెప్పాలంటే, ఎంసీబీ అనేది ఒకటే కండిషన్ చెక్ చేసే ప్రోగ్రామ్. వైరులో వెళ్ళే కరెంటు నాకిచ్చిన లిమిట్ దాటిందా లేదా? దాటితే ఆపుతుంది, దాటకపోతే ఊరుకుంటుంది. దాని డ్యూటీ గోడలో ఉన్న వైరుని కాపాడటం.

ఇప్పుడు మా గీజర్ లెక్క చూద్దాం. 2000 వాట్స్. మన ఇళ్ళలో వోల్టేజ్ 230. 2000ని 230తో భాగిస్తే దాదాపు 8.7 ఆంపియర్లు. ఎంసీబీ లిమిట్ 16. అంటే ఎంసీబీ దృష్టిలో అంతా బాగున్నట్టే.

కానీ సాకెట్ లోపల పిన్నుని పట్టుకునే ఇత్తడి రేకు వదులైపోయింది. పిన్నుకీ రేకుకీ మధ్య కాంటాక్ట్ సరిగ్గా లేదు. ఆ చోట రెసిస్టెన్స్ అర ఓం ఉందనుకుందాం. పుట్టే వేడి ఎంత? కరెంటుని కరెంటుతో గుణించి, మళ్ళీ రెసిస్టెన్స్‌తో గుణించాలి. 8.7 ఇంటూ 8.7 ఇంటూ 0.5. దాదాపు 38 వాట్స్. ఇంతేనా అనిపిస్తుంది. కానీ మీలో ఎవరైనా సోల్డరింగ్ ఐరన్ వాడి ఉంటే గుర్తు తెచ్చుకోండి. అది 25 వాట్స్‌ది అయినా చాలు, సీసం కరిగిపోతుంది. అంతకంటే ఎక్కువ వేడి, చిన్న చోట, ప్లాస్టిక్ డబ్బా లోపల, గోడలో, రోజూ అరగంట.

ఎంసీబీకి ఇది కనిపించదు, ఎందుకంటే కరెంటు పెరగలేదు. మరి ఆర్‌సీసీబీ? అది వెళ్ళిన కరెంటు, తిరిగొచ్చిన కరెంటు సమానంగా ఉన్నాయా అని చూస్తుంది. తేడా వస్తే, అంటే ఎక్కడో భూమిలోకో మనిషిలోకో లీకవుతుంటే ఆపేస్తుంది. ఇళ్ళలో సాధారణంగా 30 మిల్లీ ఆంపియర్లది పెడతారు. షాక్ నుంచి ప్రాణం కాపాడే పరికరం అది, లేకపోతే తప్పకుండా పెట్టించుకోండి. ఉంటే నెలకోసారి దాని మీద టెస్ట్ బటన్ నొక్కి పడుతోందో లేదో చూడండి. కానీ లూజ్ కాంటాక్ట్‌లో లీకేజీ ఏమీ లేదు కాబట్టి దానికి కూడా ఇది కనిపించదు.

తర్వాత ఏమవుతుందంటే, వేడికి వైరు తొడుగు మెత్తబడి కరుగుతుంది. రెండు వైర్లు ఒకదానికొకటి తగులుతాయి. అప్పుడు కరెంటు ఒక్కసారిగా పెరిగి ఎంసీబీ పడుతుంది. కానీ అప్పటికే పక్కనున్న కర్టెనో పరుపో అంటుకుని ఉండొచ్చు. పేపర్లో "షార్ట్ సర్క్యూట్ వల్ల" అని ఒక్క మాటలో రాస్తారు. చాలాసార్లు షార్ట్ సర్క్యూట్ అనేది కథలో చివరి సీను. అసలు కథ ఎన్నో వారాల ముందే మొదలై ఉంటుంది.

కాబట్టి ఈ గుర్తులు కనిపెట్టండి. ఒకటి వాసన. చేపల వాసన లాంటిదో, ప్లాస్టిక్ మాడిన వాసనో. రెండు, స్విచ్ వేయగానే బోర్డులోంచి చిటపట శబ్దం. మూడు, ప్లగ్గు చుట్టూ గోధుమ రంగు మచ్చ. నాలుగు, మోటారో ఏసీయో ఆన్ అయినప్పుడల్లా లైట్లు అదిరినట్టు మిణుకుమనడం. ఐదు, చెయ్యి. గీజర్ గానీ ఏసీ గానీ అరగంట నడిచాక స్విచ్ ఆపి, ప్లగ్గు పై భాగం మీద పొడి చెయ్యి పెట్టి చూడండి. గోరువెచ్చగా ఉంటే ఫర్వాలేదు. చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంటే ఆ సాకెట్ మార్చే వరకు వాడకండి.

ఇంకొన్ని మాటలు. ఎక్స్‌టెన్షన్ బాక్సులు చాలావరకు 6 ఆంపియర్లవే ఉంటాయి. వాటికి మొబైల్, ల్యాప్‌టాప్, టీవీ పెట్టుకోవచ్చు. గీజర్, ఇస్త్రీ పెట్టె, రూమ్ హీటర్, ఇండక్షన్ స్టవ్ పెట్టకూడదు. ఒక బాక్సుకి ఇంకో బాక్సు తగిలించడం అసలే వద్దు. బాక్సు వైరుని కార్పెట్ కిందా మంచం కిందా దాచకండి, వేడి బయటకి పోదు. పాత ఇళ్ళలో ఇంకా ఫ్యూజులు ఉంటాయి. మాటిమాటికీ పోతోందని అందులో లావు రాగి తీగ చుట్టేస్తారు. అలా చేస్తే ఫ్యూజు కాలిపోదు, గోడలో వైరు కాలిపోతుంది. పాతికేళ్ళ కిందటి వైరింగ్ మీద కొత్తగా రెండు ఏసీలు పెట్టేముందు లోడ్ తట్టుకుంటుందా అని ఒకసారి ఎలక్ట్రీషియన్‌కి చూపించండి. ఏసీ రాత్రంతా నడుస్తుంది, ఆ టైమ్‌లో అందరం నిద్రలో ఉంటాం.

వంటింట్లో: గ్యాస్ కిందకి, మంట పైకి

మన గ్యాస్ బండలో ఉండేది ప్రొపేన్, బ్యూటేన్ మిశ్రమం. ఇది గాలికంటే బరువు. లీకైతే పైకి పోదు, నీళ్ళలా నేల మీద పరుచుకుంటుంది, మూలల్లో, గట్టు కింద నిలబడుతుంది. దానికి సొంతంగా పెద్దగా వాసన ఉండదు. లీకైతే మనకి తెలియాలని ఇథైల్ మెర్‌కాప్టన్ అనే ఘాటైన పదార్థం కలుపుతారు. గాలిలో గ్యాస్ సుమారు 2 శాతం చేరితే చాలు, చిన్న నిప్పురవ్వకి అంటుకుంటుంది.

అందుకే వాసన రాగానే లైటు వేయకూడదు, ఇది అందరికీ తెలుసు. కానీ లైటు ఆపకూడదు కూడా. ఇది చాలామందికి తెలియదు. స్విచ్ వేసినా ఆపినా లోపల చిన్న స్పార్క్ వస్తుంది. ఎగ్జాస్ట్ ఫ్యాన్ కూడా అంతే. ఫ్రిజ్‌ని మనం ముట్టుకోకపోయినా అది దానంతట అదే ఆన్, ఆఫ్ అవుతూ ఉంటుంది. కాబట్టి ఏం చేయాలి? స్టవ్ నాబ్‌లు, రెగ్యులేటర్ ఆపేయండి. వీలైతే రెగ్యులేటర్ తీసి బండకి మూత పెట్టేయండి. తలుపులు, కిటికీలు తీయండి, ముఖ్యంగా గాలి నేల దాకా తగిలే తలుపులు. మెయిన్ స్విచ్ ఇంటి బయట, వాసన లేని చోట ఉంటే అక్కడ ఆపండి. అందరూ బయటికొచ్చాక ఫోన్ తీసి 1906కి చేయండి. అది ఎల్‌పీజీ లీకేజీ ఎమర్జెన్సీ నంబరు.

ఇవి లీకయ్యాక చేసేవి. లీక్ కాకుండా ఉండాలంటే రెండు తేదీలు చూసుకోవాలి. ఒకటి ట్యూబ్. నారింజ రంగు సురక్ష ట్యూబ్ మీద ఐఎస్‌ఐ గుర్తు, తేదీ ముద్రించి ఉంటాయి. ఐదేళ్ళకోసారి మార్చాలి, పగుళ్ళు కనిపిస్తే వెంటనే మార్చాలి. రెండోది బండ. దాని మెడ చుట్టూ ఉండే నిలువు పట్టీల్లో ఒకదాని లోపలి వైపు ఒక అక్షరం, ఒక సంఖ్య ఉంటాయి. ఏ అంటే జనవరి నుంచి మార్చి, బీ అంటే ఏప్రిల్ నుంచి జూన్, సీ అంటే జూలై నుంచి సెప్టెంబర్, డీ అంటే చివరి మూడు నెలలు. పక్కన సంవత్సరం. బీ 27 అని ఉంటే 2027 జూన్ లోపు ఆ బండని మళ్ళీ టెస్ట్ చేయాలని అర్థం. గడువు దాటిన బండ ఇస్తే తీసుకోకండి, మార్చి ఇమ్మని అడగండి.

ఇక నూనె. బాండీలో నూనె అంటుకుంటే మనందరికీ మొదట చేతికొచ్చేది చెంబుడు నీళ్ళు. అదే పెద్ద పొరపాటు. నీళ్ళు నూనెకంటే బరువు, అందుకే అడుక్కి పోతాయి. అక్కడ నూనె 300 డిగ్రీల పైన ఉంటుంది. నీళ్ళు ఒక్క క్షణంలో ఆవిరైపోతాయి. నీరు ఆవిరైతే సుమారు 1700 రెట్లు విస్తరిస్తుంది. ఆ ఆవిరి మండుతున్న నూనెని సీలింగ్ దాకా ఎగజిమ్ముతుంది. చేయాల్సింది చాలా తేలిక. స్టవ్ ఆపి, పెద్ద మూతో పళ్ళెమో పక్కనుంచి జరిపి బాండీ మీద పెట్టేయండి. గాలి అందక ఆరిపోతుంది. వెంటనే మూత తీయకండి, బాండీని ఎత్తి ఎక్కడికీ తీసుకెళ్ళకండి. బజ్జీలు, పూరీలు వేసేటప్పుడు దాని సైజుకి సరిపోయే మూత ముందే పక్కన పెట్టుకోమని మా అమ్మకి చెప్పా. ఈ ఒక్క విషయంలో నేను చెప్పింది ఆమె విన్నది.

బట్టలు అంటుకుంటే పరిగెత్తకూడదు. పరిగెత్తితే గాలికి మంట పెరుగుతుంది. నేల మీద పడి దొర్లాలి. కాలిన చోట ట్యాప్ కింద చల్లటి నీళ్ళు 20 నిమిషాలు పోయాలి. ఐస్, టూత్‌పేస్ట్, ఇంకు లాంటివి వద్దు.

దేవుడి గదిలో దీపం వెలిగించి ఊరెళ్ళకండి. దోమల కాయిల్ దుప్పటి తగిలేంత దగ్గర పెట్టకండి. ఇవి మీకు తెలిసినవే, అయినా చెప్పాలి కాబట్టి చెప్పా.

బ్యాటరీ, మెట్లు, పొగ

ఇప్పుడు రెండో విషయానికి వస్తున్నా. హైదరాబాద్, సికింద్రాబాద్‌లో ఈ మధ్య జరిగిన కొన్ని ప్రమాదాలు ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూద్దాం.

2022 మార్చి 23, బోయిగూడ. కింద తుక్కు గోదాం, పైన పడుకున్న బీహార్ కార్మికులు. 11 మంది చనిపోయారు. ఒక్కరు మాత్రం దూకి బయటపడ్డారు.

2022 సెప్టెంబర్ 12, సికింద్రాబాద్. కింద ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూమ్, పైన లాడ్జి. 8 మంది చనిపోయారు.

2023 మార్చి 16, స్వప్నలోక్ కాంప్లెక్స్. ఆరుగురు చనిపోయారు. అందరూ ఉద్యోగం కోసం జిల్లాల నుంచి వచ్చిన పాతికేళ్ళ లోపు పిల్లలు.

2023 నవంబర్ 13, నాంపల్లి బజార్‌ఘాట్. అపార్ట్‌మెంట్ కింద కెమికల్ డ్రమ్ములు, పైన కాపురాలు. 9 మంది.

2025 మే 18, చార్మినార్ దగ్గర గుల్జార్ హౌజ్. తెల్లవారుజామున, ఇరుకు దారి ఉన్న పాత ఇల్లు. 17 మంది, అందులో 8 మంది చిన్నపిల్లలు.

వీటిలో చాలామంది ప్రాణం తీసింది మంట కాదు, పొగ. స్వప్నలోక్‌లో ఆ ఆరుగురినీ మంట తాకకముందే పొగ చుట్టేసింది. ఇంకో పోలిక కూడా ఉంది. వీటిలో ఎక్కువ చోట్ల మంట కింద ఉంది, మనుషులు పైన ఉన్నారు, ఆ రెంటికీ మధ్య ఉన్నది మెట్ల దారి. వేడి పొగ ఎప్పుడూ పైకే పోతుంది. మనం దిగడానికి కట్టుకున్న మెట్లు దానికి చిమ్నీలా పనికొస్తాయి. మనం దిగాల్సిన దారిలోనే అది ఎక్కి వస్తుంది.

పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది. మన రక్తంలో హిమోగ్లోబిన్‌కి ఆక్సిజన్‌తో కంటే దీనితో 200 రెట్లకు పైగా ఎక్కువ గట్టిగా అతుక్కునే గుణం ఉంది. దానికి రంగు లేదు, వాసన లేదు. రెండు మూడు నిమిషాల్లో తల తిరిగి, కాళ్ళు పని చేయడం మానేస్తాయి. పైగా నిద్రలో మన ముక్కు సరిగ్గా పని చేయదు. పొగ వాసనకి మెలకువ వస్తుందిలే అనుకోవడం తప్పు. బ్యాటరీతో నడిచే స్మోక్ అలారాలు ఇప్పుడు ఆన్‌లైన్‌లో దొరుకుతున్నాయి. ఒకటి కొని పడకగది బయట సీలింగ్‌కి బిగించండి. వంటింట్లో వద్దు, పోపు పెట్టినప్పుడల్లా మోగుతుంది.

ఇక్కడే ఎలక్ట్రిక్ స్కూటర్ల మాట. నేను వాటికి వ్యతిరేకిని కాదు. కానీ లిథియం బ్యాటరీలో ఒక సెల్ పాడై అదుపు తప్పి వేడెక్కితే ఆ వేడికి పక్క సెల్ వేడెక్కుతుంది, దాని వేడికి ఇంకోటి. థర్మల్ రన్‌అవే అంటారు. పైకి మంట ఆరినట్టు కనిపించినా లోపల ఈ వరస సాగుతూనే ఉంటుంది, మళ్ళీ అంటుకుంటుంది. చిన్న సిలిండర్‌తో ఆగదు, చల్లబడేదాకా చాలా నీళ్ళు కావాలి. అలాంటి బ్యాటరీని మనం ఎక్కడ చార్జ్ చేస్తున్నాం? మెట్ల కింద. లేదా ఇంటికున్న ఒకే ఒక్క గుమ్మం పక్కన. అంటే మంట వస్తే దారి మూసుకుపోయేలా మనమే ఏర్పాటు చేసుకుంటున్నాం. చార్జింగ్ మెట్లకీ గుమ్మానికీ దూరంగా పెట్టండి, మెలకువగా ఉన్నప్పుడు పెట్టండి, కంపెనీ ఇచ్చిన చార్జర్‌నే వాడండి. ఉబ్బిన బ్యాటరీ ఫోన్‌దైనా, పవర్ బ్యాంక్‌దైనా ఒక్కరోజు కూడా వాడొద్దు.

మా టెర్రస్ తాళం

ఇది చదువుతుంటే నాకు మా అపార్ట్‌మెంట్ గుర్తొచ్చింది. ఐదు అంతస్తులు, ఒకటే మెట్ల దారి. మేముండేది నాలుగో అంతస్తులో. కింద నుంచి పొగ వస్తే దిగలేం. మిగిలింది టెర్రస్. దానికి తాళం.

తెలంగాణలో ఫైర్ డిపార్ట్‌మెంట్ ఎన్‌ఓసీ తప్పనిసరి అనేది నివాస భవనాల్లో 18 మీటర్ల ఎత్తు దాటిన వాటికి, వాణిజ్య భవనాల్లో 15 మీటర్లు దాటిన వాటికి. గల్లీల్లో మనం ఉండే మామూలు అపార్ట్‌మెంట్లు ఎక్కువగా ఆ లెక్కలోకి రావు. అంటే మన మెట్లు, మన తాళాలు చూడటానికి ఎవరూ రారు. మనమే చూసుకోవాలి.

మీటింగ్‌లో అడిగా. సెక్రటరీ అంకుల్ చెప్పింది కూడా నిజమే. "తాళం తీస్తే కుర్రాళ్ళు పైకెళ్ళి తాగుతున్నారు బాబూ. చిన్నపిల్లలు ఎక్కి పడితే ఎవరిది బాధ్యత?" అన్నారు. తాళంచెవి వాచ్‌మెన్ దగ్గర ఉంటుందిలే అన్నారు. వాచ్‌మెన్ ఉండేది గ్రౌండ్ ఫ్లోర్‌లో. పొగ ఉన్నదీ అక్కడే. "అంకుల్, నేను పై నుంచి కిందకి రాలేకే కదా టెర్రస్‌కి పోవాలనుకుంటున్నా, మరి తాళంచెవి కోసం కిందకెలా వస్తా?" అన్నా. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. ఆ రోజైతే ఏమీ తేలలేదు.

మళ్ళీ రెండు మీటింగులు పట్టింది. చివరికి ఒప్పుకున్నది ఇది. తాళం ఉంటుంది, కానీ తాళంచెవి టెర్రస్ తలుపు పక్కనే చిన్న అద్దం డబ్బాలో ఉంటుంది. అద్దం పగలగొడితే చెవి దొరుకుతుంది. ఊరికే పగలగొడితే అందరికీ తెలిసిపోతుంది. ఖర్చు ఎక్కువేం కాలేదు. మెట్ల మీదున్న పాత సైకిళ్ళు, చెప్పుల స్టాండ్లు మాత్రం ఇంకా సగం అలాగే ఉన్నాయి. దాని మీద గొడవ నడుస్తోంది.

కిటికీ గ్రిల్స్ గురించి కూడా అడిగారు ఇంతకుముందు కామెంట్లలో. దొంగల భయానికి అన్ని కిటికీలకీ ఇనుప గ్రిల్ బిగించేస్తాం. కనీసం ఒక గదిలో, వీధి వైపు ఉన్న గ్రిల్‌లో, లోపల నుంచి తెరుచుకునే చిన్న తలుపు పెట్టించండి. దాని తాళంచెవి ఎక్కడుందో ఇంట్లో పదేళ్ళ పిల్లకి కూడా తెలియాలి.

పొగలో చిక్కుకుంటే ఏం చేయాలి? లిఫ్ట్ ఎక్కకండి. పొగ పలచగా ఉంటే నేలకి వంగి, పాకుతూ వెళ్ళండి. నేల దగ్గర గాలి కొంచెం నయంగా ఉంటుంది. తలుపు తీసేముందు చేతి వెనక భాగంతో తాకి చూడండి. వేడిగా ఉంటే తీయకండి. మెట్ల మీద దట్టంగా పొగ ఉంటే దూసుకెళ్ళే సాహసం వద్దు. వీధి వైపు కిటికీ ఉన్న గదిలోకి వెళ్ళి, తలుపు మూసి, కింద సందులో తడి టవల్ కుక్కి, కిటికీ దగ్గర నుంచి పిలవండి. బాత్రూమ్‌లోకి వెళ్ళి దాక్కోకండి, అక్కడ మీరు ఎవరికీ కనిపించరు. ఫోన్ 101కి గానీ 112కి గానీ చేసి, ఏ అంతస్తులో, ఏ వైపు ఉన్నారో చెప్పండి.

ఆఫీసులో

సాఫ్ట్‌వేర్‌లో ఉన్నప్పుడు ఫైర్ డ్రిల్ అంటే మాకు అదనపు టీ బ్రేక్. అలారం మోగితే సగం మంది హెడ్‌ఫోన్స్ కూడా తీసేవాళ్ళం కాదు. నేను పని చేసిన ఒక చోట ఫైర్ ఎగ్జిట్ తలుపు ముందు విరిగిన కుర్చీలు పేర్చి ఉండేవి. రోజూ చూసేవాళ్ళం, ఎవరం అడగలేదు. నేనూ అడగలేదు.

ఇప్పుడైతే మూడు ప్రశ్నలు అడిగేవాణ్ణి. మొదటిది, మన కార్డు పెడితే తెరుచుకునే తలుపులు ఉంటాయి కదా, కరెంటు పోయినా ఫైర్ అలారం మోగినా అవి వాటంతటవే తెరుచుకుంటాయా? తెరుచుకోవాలి. పేపర్ మీద కాదు, ఒకసారి చేసి చూపించమనండి. రెండోది, నేను రోజూ వచ్చే దారి కాకుండా ఇంకో దారి ఎక్కడుంది, అది కింద ఎక్కడ తేలుతుంది? ఒక్కసారి నడిచి చూడండి. చాలామంది వచ్చిన దారినే పోవాలని చూస్తారు, అది మనిషి అలవాటు. మూడోది, ఆ మెట్ల తలుపు మూసి ఉందా, తాళం వేసి ఉందా? ఫైర్ డోర్ ఎప్పుడూ మూసే ఉండాలి, పొగ మెట్లలోకి రాకుండా ఆపేది అదే. ఇటుక పెట్టి తెరిచి ఉంచకూడదు. కానీ ఎప్పుడూ తాళం వేయకూడదు, తోస్తే తెరుచుకోవాలి.

దుకాణాలు, గోదాములు నడిపే వాళ్ళకి ఒక విన్నపం. పని చేసేవాళ్ళని రాత్రి లోపల పడుకోబెట్టి బయట నుంచి షట్టర్ వేయకండి. సరుకు పోతుందన్న భయం నాకు అర్థమవుతుంది. బోయిగూడలో పోయింది సరుకు కాదు.

ఎర్ర సిలిండర్ గురించి కూడా చెప్పేస్తా. ఇంటికీ మామూలు ఆఫీసుకీ ఏబీసీ పౌడర్ రకం సరిపోతుంది. కంప్యూటర్లు, కరెంటు ప్యానెళ్ళ దగ్గర కార్బన్ డయాక్సైడ్‌ది నయం, పౌడర్ పడి పరికరాలు పాడవ్వవు. పౌడర్‌దానికి మీటరు ఉంటుంది, ముల్లు పచ్చ రంగులో ఉండాలి. వాడటం ఇలా. పిన్ను లాగాలి, గొట్టం మంట మొదలు వైపు గురిపెట్టాలి, హ్యాండిల్ నొక్కాలి, ఇటూ అటూ ఊపాలి. అది నిమిషాల తరబడి రాదండీ, 15 సెకన్లకి అటూ ఇటూ అయిపోతుంది. కాబట్టి మంట చెత్తబుట్ట సైజులో ఉన్నప్పుడే ప్రయత్నించండి, మీ వీపు వెనక తలుపు ఉండేలా నిలబడండి. సిలిండర్ అయిపోయినా మంట ఆరకపోతే తలుపు మూసి వెళ్ళిపోండి.

ఈ రాత్రికి చేయాల్సింది

వీడియో అయిపోగానే పావుగంట కేటాయించండి. ఇంట్లో ఎక్కువ కరెంటు లాగే ప్లగ్గులు, గీజర్, ఏసీ, వాషింగ్ మెషిన్, ఒక్కొక్కటీ చూడండి. గ్యాస్ ట్యూబ్ మీద తేదీ చదవండి. మీ మెట్ల నుంచి టెర్రస్ దాకా ఒకసారి ఎక్కి, తలుపు తీయగలరో లేదో చూడండి. ఇంటి తాళంచెవి రాత్రి ఎక్కడ పెడుతున్నారో అందరికీ చెప్పండి. మా ఇంట్లో ఇప్పుడు గుమ్మం పక్కన మేకుకి వేలాడుతుంది. చీకట్లో చెయ్యి చాపితే తగలాలని అమ్మే పెట్టింది.

ఇంకొక్క మాట. ఇంట్లో పెద్దవాళ్ళు ఏదో వాసన వస్తోందంటే, వాళ్ళకి అలా అనిపించిందిలే అనుకోకండి. లేచి వెళ్ళి చూడండి. నాకు మూడు రోజులు పట్టింది, ఆ మూడు రోజులూ ఏమీ కాకపోవడం మా అదృష్టం.

మీ బిల్డింగ్‌లో టెర్రస్ తాళం ఉందా, చెవి ఎవరి దగ్గర ఉందో కామెంట్లో రాయండి. ఎవరైనా దీన్ని వేరే పద్ధతిలో పరిష్కరించి ఉంటే అది కూడా రాయండి, మా సెక్రటరీ అంకుల్‌కి చూపిస్తా. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటానండీ, జాగ్రత్త.